అద్దానికి అటు కొస

ఆ వీధిలో ఆమెను అందరూ అద్దాలావిడ అంటారు. పెళ్ళికి ముందు ఆమెకూ అద్దానికీ ఉన్న చుట్టరికం పొద్దున్నే తల దువ్వుకోవడం వరకే. ఇప్పుడామెకు యాభై ఒకటి. ఆ చుట్టుపక్కల కిటికీల్లో, దుకాణాల ముందు భాగాల్లో, మంగలి షాపుల గోడల మీద ఉన్న గాజులో సగానికి సగం తన చేతుల మీదుగా వెళ్ళిందేనంటుంది. మిగతా సగం ఎవరిదమ్మా అని అడిగితే, "అదీ నేను మోసిందే. అటు కొస మా ఆయన పట్టుకున్నారు, అంతే" అంటుంది. ఆయన పక్కనే ఉంటే ఇదే మాట తిప్పి చెప్తాడు. వినేవాళ్ళకు మాత్రం ఆ ఇంట్లో ఎవరు ఎవరికి సాయమో ఎప్పటికీ తేలదు.

ఇంటి ముందు గదే వాళ్ళ దుకాణం. మధ్యలో పాత దుప్పటి పరిచిన పొడవాటి బల్ల, గోడ వారన చెక్క చట్రాల్లో నిలబెట్టిన గాజు పలకలు, గుమ్మంలోకి రాగానే కిరసనాయిల్ వాసన. గాజు గీసే చిన్న కోతచక్రం సాఫీగా నడవడానికి ఆయన దాన్ని కిరసనాయిల్లో ముంచి గీస్తాడు. గీసేటప్పుడు కళ్ళకంటే చెవికే ఎక్కువ పని చెప్పేవాడు. గీత సరిగ్గా పడితే మొదలు నుంచి చివరిదాకా చప్పుడు ఒకేలా వస్తుందట. మధ్యలో చప్పుడు మారిందంటే పలక విరిగేది సరిగ్గా అక్కడేనట.

పెళ్ళయిన కొత్తలో ఆ పనిలోకి రావాలని ఆమె కలలో కూడా అనుకోలేదు. అప్పట్లో అద్దానికి అటు కొస పట్టుకునేది బావగారు. ఆయన ఒకరోజు ఉన్నట్టుండి, ఈ గాజు మోత నావల్ల కాదు, చెప్పుల దుకాణం పెట్టుకుంటానని వెళ్ళిపోయాడు. కోయడమంటే ఒక్కడు కోయగలడు గానీ ఆరడుగుల అద్దాన్ని ఒక్కడే మోసి బిగించేదెలా? ఒక చేత్తో చప్పట్లు మోగవు. రెండు నెలలు దుకాణంలో ఫొటోలకు అద్దాలు వేయడం తప్ప పని లేదు. కొత్త పెళ్ళికొడుకు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఆమె చూడలేకపోయింది. ఒక ఉదయం కిటికీ పలక కావాలని ఎవరో వస్తే, చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, "అటు కొస నేను పడతానండీ" అంది.

"కొత్త కోడలు అద్దాలు మోయడమేమిటే! నలుగురూ నవ్విపోతారు" అన్నారు అత్తగారు.

"నవ్వేవాళ్ళు వచ్చి పట్టుకుంటే నేను మానేస్తాను అత్తయ్యా" అంది కోడలు.

ఆయన నవ్వలేదు, వద్దనలేదు. లోపలి నుంచి బావగారి పాత చేతి తొడుగులు తెచ్చిచ్చాడు. ఆమె చేతులు వాటిలో ఈదాయి. ఆయన చెప్పిన మొదటి పాఠం మోయడం గురించి కాదు, వదలడం గురించి. "జారిందా, పట్టుకోవాలని చూడకు. వదిలేసి వెనక్కి గెంతు. గాజు పోతే ఇంకోటి కోస్తాను. నీ చెయ్యి పోతే ఎక్కణ్ణుంచి కోసుకొస్తాను?"

వారం రోజులు మోసింది. వారం చివర సాయంత్రం ఇంటికి రాగానే ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఆమె పొయ్యి దగ్గరకు వెళ్ళకుండా పక్కనే తనూ కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఆకలేస్తోందోయ్" అన్నాడాయన.

"నాకూ వేస్తోందండీ. అద్దానికి రెండు కొసలున్నప్పుడు వంటకి ఒక్కటే కొస ఎందుకుంటుంది?"

ఆయన మాటకు మాట చెప్పే మనిషి కాదు. లేచి వెళ్ళి కత్తిపీట ముందేసుకున్నాడు. ఆ రోజు మొదలు కూరగాయలు తరగడం ఆయన వంతయింది. అయితే గాజు కోసే చెయ్యి కదా, ముక్కలన్నీ అచ్చు కిటికీ పలకల్లా ఒకే కొలతకు రావాలి. ఒక ముక్క ఓరగా తెగితే దాన్ని పక్కన పెట్టేవాడు. నాలుగు వంకాయలకు ముప్పావుగంట. ఈలోగా ఆమె మిగతా వంటంతా చేసి, ఆకలితో నకనకలాడుతూ, "అవి కూరలోకండీ, చట్రంలో బిగించడానికి కాదు" అని మొత్తుకునేది. తర్వాత తర్వాత అంట్లు, బట్టలు, కూతురు పుట్టాక స్నానాలు, జడలు, బడికి దింపడం, అన్నీ ఇద్దరి మధ్యా ఎవరూ కూర్చుని పంచకుండానే పంపకమయ్యాయి. కూతురికి జడ వేయడం ఆయనకే బాగా వచ్చింది. పాపిడి గీసినట్టు తీసేవాడు.

ఇక మోసే తీరు చెప్పాలి. అద్దాన్ని పడుకోబెట్టి మోయకూడదు, నిలబెట్టే మోయాలి. చెరో కొసా పట్టుకుని ఎదురూబొదురుగా నడవాలి. గుమ్మాల్లో, మెట్ల మీద ఒకరికి ముందు నడక, ఒకరికి వెనక నడక. అన్నదమ్ములు మోసే రోజుల్లో తమ్ముడు కాబట్టి వెనక నడక ఆయనకు పడింది. భార్య వచ్చాక కూడా ఆ కొస ఆయనే ఉంచుకున్నాడు. మెట్లెక్కేటప్పుడు ఆయన పైన, వెనక్కి నడుస్తూ. ఆమె కింద, దారి చూసి చెబుతూ. ఆయనేమో గుమ్మం పైపట్టీకి తల తగిలేంత మనిషి, ఆమె ఆయన భుజం దాకా ఉంటుంది. బరువంతా పల్లానికే కదా, అసలు మోత తనదేనని ఆమె లోపల్లోపల అనుకునేది. ఆ మాట పైకి అన్నది మాత్రం లేదు.

అద్దం చేతిలో ఉన్నంతసేపూ నాలుగే మాటలు. మెట్టు, ఆగు, కుడి, ఎడమ. ఐదో మాట మాట్లాడకూడదు. మొదట్లో కోడలు కొడుకుని పట్టుకుని "ఆగు!" అని అరవడం విని అత్తగారు గుండెలు బాదుకున్నారు. "మొగుణ్ణి ఆగు అంటుందిరా, అండి లేదు, గిండి లేదు!" అని. "అమ్మా, ఆ 'అండి' వచ్చేలోపు అద్దం పోతుంది" అన్నాడు కొడుకు. ఆవిడ కొంతకాలం రుసరుసలాడి, ఆ తర్వాత తనే గుమ్మంలో నిలబడి "ఎడమ, ఎడమ!" అని అందించడం మొదలుపెట్టారు. ఒకసారి మొగుడూ పెళ్ళాలకు పెద్ద గొడవైంది. ఆమెను అడక్కుండా ఆయన అన్నగారి కుటుంబాన్ని భోజనానికి పిలిచాడు. మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదకొండు కిటికీలు ఆ నాలుగు మాటలతోనే బిగించారు. పని ముగిసేసరికి పోట్లాడుకునే ఓపిక ఇద్దరికీ లేదు.

ఇరవై ఏడేళ్ళు అలా సాఫీగా నడిచిన బండి, ఈ మధ్య ఎక్కడో రాయి తగిలినట్టు కుదుపులివ్వడం మొదలుపెట్టింది. ఆమె ఆగు అంటే ఆయన ఆగడం లేదు. ఒక అడుగు, ఒక్కోసారి అడుగున్నర పడ్డాక గానీ ఆగడం లేదు. ఆమె మాట కంటే ముందే తన కొసను బిగబట్టి లాగడం అలవాటు చేసుకుంది. కుడి మణికట్టు నొప్పి పెడుతోంది. మనిషి పరధ్యానంలో ఉన్నాడనుకుంది, తర్వాత మొండితనమనుకుంది. ఇంట్లో టీవీ శబ్దం పెరిగింది. అడిగిందొకటైతే ఆయన చెప్పేదొకటి. "ఈ కాలం జనానికి నోరు తెరిచి మాట్లాడ్డం రాదోయ్, అందరూ గొణుగుతారు" అనేవాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో" అని ఆమె విసుక్కుంది. విసుగులో అన్నదే తప్ప, ఆ మాటలో నిజముందని ఆమెకు తట్టనే లేదు. గాజు గీసేటప్పుడు ఆయన తల ఒక పక్కకు తిప్పి బల్ల మీదికి వంగడం చూసి కూడా, మెడ పట్టేసిందేమోనని నూనె రాసింది.

ఆ నెలలో డాన్సు బడి పని వచ్చింది. మేడ మీద హాలు, ఒక గోడంతా అద్దాలు కావాలి. మనిషెత్తు, తలుపంత వెడల్పు, మామూలు పలకల కంటే మందం. మొత్తం ఆరు. మెట్లు సగందాకా వెళ్ళి మలుపు తిరుగుతాయి. ఆ మలుపులో గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరొకటి వేలాడుతుంది. మొదటి రోజు నాలుగు అద్దాలు ఎక్కించారు. రెండో రోజు ఐదో అద్దం పట్టుకుని మలుపు దాకా వచ్చేసరికి, పైన హాల్లో టీచరమ్మ పిల్లలకు పాట పెట్టింది. మెట్లన్నీ డప్పుల మోతతో అదిరాయి.

"ఆగు!" అంది ఆమె.

ఆయన ఆగలేదు. బిగబట్టి లాగింది, అయినా ఆగలేదు. అద్దం అంచు వెళ్ళి సిలిండరుకు తగిలింది. పై మూల నుంచి ఆమె వైపుకి మెరుపులా పగులు దిగింది.

"వదిలెయ్! వదిలెయ్!" అని గొంతు చించుకుంది.

ఆయన వదల్లేదు. వెనక ఏదో తగిలిందని తెలుసుకుని, అద్దాన్ని ఇంకా గట్టిగా గుండెకు హత్తుకున్నాడు. ఆమె వదిలి గెంతితే తను బతికిపోతుంది. కానీ హత్తుకున్న ఆ అద్దంతోపాటే ఆయన మెట్ల మీంచి కిందికి పడతాడు. నేర్చుకున్న మొదటి పాఠాన్ని ఆ క్షణాన ఆమె గాలికొదిలేసింది. పగిలిన అద్దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని, మెట్టు మెట్టుగా, ఇద్దరూ కిందికి దించారు. గోడకు ఆనించాక చూసుకుంటే ఆమె మోచేతి దగ్గర నుంచి రక్తం కారుతోంది.

రక్తం చూసి ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "పగిలితే వదిలెయ్యమని నేర్పింది నేనే కదా! ఎందుకు పట్టుకున్నావ్?"

"వదిలెయ్యమని అరిచానండీ. రెండుసార్లు అరిచాను."

ఆయన ముఖంలో కోపం అలాగే ఆగిపోయింది. మెట్టు మీద కూర్చుని తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు వినపడలేదు" అన్నాడు. తొడుగుల వేళ్ళు సరిచేస్తూ, "ఎడమ చెవి పోయి ఏడాదైంది. కుడిదీ వెళ్ళే దారిలో ఉంది" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నేను ఆగు అంటే ఎలా ఆగారు?"

"నీ చెయ్యి చెప్పేది. నువ్వు బిగబడితే అద్దంలోంచి నా చేతికి తెలిసేది. ఇవి బరువు అద్దాలు కదా, తెలియలేదు."

ఆమెకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. ముందు కోపమే బయటపడింది. ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరుగుతారా, నేనేమైనా పరాయిదాన్నా అని నిలదీసింది. ఆయన దోషిలా తల వంచుకుని, "చెబితే ఈ కొసకి ఇంకొకణ్ణి తెచ్చుకోవాలి కదోయ్. నీకు ఎదురుగా ఇంకెవడో నిలబడితే నేను చూడలేను" అన్నాడు. మెట్ల మీద ఆ మాట వినేటందుకు డాన్సు బడి పిల్లలు ఐదారుగురు పైనుంచి తొంగిచూస్తున్నారు. ఆమె వాళ్ళను పట్టించుకోలేదు.

పక్క వీధిలో కాపురముంటూ పోస్టాఫీసులో పనిచేసే కూతురు ఆ సాయంత్రమే వచ్చి, నాన్నను చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరు చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి ఇచ్చాడు. ఇంట్లో మాటలకు ఇది పనికొస్తుంది, రొద ఉన్న చోట దీన్ని నమ్ముకుని ప్రాణాలకు తెగించొద్దని ఖండితంగా చెప్పాడు. కూతురు తీర్పు చెప్పేసింది. "నాన్నా, ఇక కోయడం వరకు మీరు చూసుకోండి. మోయడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకుందాం. అమ్మ కూడా మోసింది చాలు."

మాట సబబుగానే ఉంది. అందుకే అద్దాలావిడకు మింగుడు పడలేదు. ఆ తర్వాత మూడు రోజులూ ఆయన బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. పగిలిన దాని బదులు కొత్త అద్దం కోసి పెట్టాడు, చేతివేళ్ళలోంచి ఇంకా విద్య పోలేదు. సాయంత్రం కూరగాయలు ఎప్పటికంటే సన్నగా, ఎప్పటికంటే ఆలస్యంగా తరిగాడు. ఇంట్లో ఇద్దరే ఉన్నా ముగ్గురున్నట్టు ఇరుకుగా ఉంది. ఇద్దరూ కలిసి చేసే పని పోతే తమ మధ్య ఏం మిగులుతుందోనని ఆమె భయపడింది. ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమ ఇన్నేళ్ళూ ఒకే అద్దానికి రెండు వైపులా నిలబడి బతికింది, వేరే చోట బతకడం దానికి రాదు.

నాలుగో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా ఆమెకు బుర్రలో దీపం వెలిగింది. నోట్లో నురుగుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏవండీ! చెవులు కావాల్సింది వెనక్కి నడిచేవాళ్ళకి. ముందు నడిచేవాళ్ళకి కళ్ళూ, నోరూ చాలు. మీ కళ్ళు బానే ఉన్నాయి, నోరు అంతకంటే బావుంది."

"అయితే?"

"నేను వెనక్కి నడుస్తాను. మీరు చెప్పండి."

"కుదరదు" అన్నాడు. ఆయన ఒకసారి కుదరదంటే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వెనక నడకంటే నీకు తెలీదు, వద్దు, అని తప్ప ఇంకో కారణం చెప్పడు. ఆమె ఆయనతో వాదించలేదు. పాత తలుపు చెక్క ఒకటి తీసి, దాని పై కొస తను పట్టుకుని, పెరటి మెట్ల దగ్గర నిలబడింది. చెక్క రెండో కొస నేల మీద ఉంది. ఎంతసేపైనా నిలబడేటట్టుంది. పావుగంట చూసి, ఆయన గొణుక్కుంటూ వచ్చి ఎత్తాడు.

ఆ వారమంతా పెరట్లో తలుపు చెక్క మెట్లెక్కుతూ, దిగుతూ ఉంది. మొదటి రోజే ఆయన కింద కొస పట్టుకుని ఐదు మెట్లెక్కి, చెక్క దించి, భుజం రుద్దుకుంటూ ఆమెను ఎగాదిగా చూశాడు.

"పల్లానికి ఇంత బరువొస్తుందా?"

"ఇరవై ఏడేళ్ళుగా వస్తోంది" అంది ఆమె, మిషన్ ఉన్న చెవి దగ్గర.

"ఎప్పుడూ చెప్పలేదేం?"

ఆమె చేతులు తిప్పి నవ్వింది. ఆ క్షణాన, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడింది. తను మోసిన దానికి ఇన్నాళ్ళకు సాక్షి దొరికినట్టయింది. తను తెలుసుకోవాల్సిన వంతు ఇంకా మిగిలే ఉందని అప్పటికి ఆమె ఎరగదు. చెక్కతో, అలవాటైన పెరటి మెట్ల మీద, వెనక నడక ఆమెకు ఆటలాగే ఉంది.

డాన్సు బడికి మళ్ళీ వెళ్ళిన రోజు టీచరమ్మ పాట ఆపేసి, పిల్లల్ని గోడ వారన కూర్చోబెట్టింది. ఎర్ర సిలిండరు తీయించింది కూడా. ఐదో అద్దం లేచింది. ఆమె పై కొసన, వీపు మెట్ల వైపు పెట్టి నిలబడింది.

"మెట్టు!" అన్నాడాయన. తన గొంతు తనకు వినపడక ఆయన వేసిన కేకకు కింద దుకాణాల్లోంచి కూడా జనం బయటికొచ్చారు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు.

మొదటి నాలుగు మెట్లు బాగానే ఎక్కింది. ఐదో మెట్టు దగ్గర మునివేళ్ళతో తడిమి గానీ మడమ దించలేదు. మడమ వెనక ఏముందో తెలియదు. తల తిప్పి చూద్దామంటే అద్దం ఒరిగిపోతుంది. వీపు వెనక లోకమే లేనట్టుంది. చేతిలో మందపాటి అద్దం, ఎదురుగా ఆయన ముఖం, ఆ ముఖం చెప్పేదే నిజం. మలుపు దగ్గరకు వచ్చామనుకుంది గానీ, వచ్చారో లేదో ఆమెకు తెలియదు.

"కుడి!"

కుడికి జరిగింది. కాలు గాల్లో పెట్టి ఆగిపోయింది. "ఏవండీ, వెనక ఏముంది?" అని అడిగింది, మాట్లాడకూడని మాట. ఆయనకు వినపడలేదు. ఆమె పెదవులు కదలడం మాత్రం చూశాడు. కళ్ళు ఆమె భుజం మీంచి వెనకదారి మీద నిలిపి, ఎప్పటిలాగే, "మెట్టు!" అన్నాడు.

ఇరవై ఏడేళ్ళలో ఆయన తనను, వెనక ఏముందని ఒక్కసారి కూడా అడగలేదని ఆమెకప్పుడు గుర్తొచ్చింది. కాలు దించింది. మెట్టు అక్కడే ఉంది.

అద్దం పైకి చేరింది. గోడకు బిగించి, మూలలు సరిచూసి, ఆరోదాని కోసం మెట్లు దిగుతుండగా ఆయన అడిగాడు, "మధ్యలో ఏదో అన్నావ్. ఏంటది?"

ఆమె ఆయన్ని ఆపి, రెండు మెట్లు కింద నిలబెట్టి, చెవి దగ్గరకు వంగింది. "ఇన్నేళ్ళూ అలా వెనక్కి నడిచారు కదా. మీకు భయం వేయలేదా అని."

"వేసేది."

"ఎప్పుడు?"

"రోజూ."

"మరి నాతో ఒక్కసారైనా అనొచ్చు కదండీ!"

"అంటే నీ గొంతు వణుకుతుంది" అన్నాడాయన, తొడుగులు వేసుకుంటూ. "నీ గొంతు వణికితే నేను నడవలేను."

ఆమె కళ్ళు మోచేత్తో తుడుచుకుని, కిందికి వెళ్ళి, ఆరో అద్దానికి అటు కొస పట్టుకుంది.